గోకుడు తగ్గించండి, నానబెట్టండి

పాత వాల్‌పేపర్ ఊడదీయడం కండబలంతో అయ్యే పని అనుకుని చాలామంది పొద్దున్నే స్క్రేపర్ పట్టుకుని గోడ మీద పడతారు. సాయంత్రానికి సగం కాగితం, సగం గోడ కింద రాలి ఉంటాయి. మా లెక్కలో ఈ పనిలో స్క్రేపర్ వాటా చాలా తక్కువ. కాగితాన్ని పట్టి ఉంచేది జిగురు. నీళ్లు ఆ జిగురు దాకా చేరి అది మెత్తబడేవరకూ ఆగగలిగితే చాలా గోడలకు బలంతో పనే ఉండదు.

మామూలుగా వాడే జిగురు పిండితో చేసిందో, మిథైల్ సెల్యులోజ్ అనే, మొక్కల పీచు నుంచి తయారయ్యే పొడితో చేసిందో అయి ఉంటుంది. రెండూ నీళ్లకు లొంగేవే. చిక్కంతా పైపొరతో. వినైల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటే ఎంత చల్లినా నీళ్లు జారిపోయి నేల మీద మడుగు కడతాయి. అలాంటి కాగితాన్ని తడపకుండానే ఒక మూల గోటితో లేపి, గోడకు ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి. మీ వైపుకు గుంజితే చిరుగుతుంది. వినైల్ వచ్చేశాక వెనక మిగిలే పల్చటి కాగితం నీళ్లు బాగా పీలుస్తుంది.

నీళ్లు దిగేలా కాగితానికి చిల్లులు పెట్టే, ముళ్ల చక్రాలుండే స్కోరింగ్ టూల్‌తో మొదలుపెట్టమనే సలహాతో మాకు పేచీ ఉంది. పైపొర ఎలాగూ రానప్పుడే ఆ టూల్‌ను బయటికి తీయండి, అదీ తేలిగ్గా తిప్పండి. గట్టిగా నొక్కితే ముళ్లు గోడలోకి దిగుతాయి, తర్వాత ఆ వందల చిల్లులూ మీరే పుట్టీతో పూడ్చాలి.

అసలు ముందు తేల్చుకోవాల్సింది గోడ ఏ రకమన్నది. వేలితో కొట్టి చూడండి. బోలుగా మోగితే చాలావరకు డ్రైవాల్, గట్టిగా పలికితే ప్లాస్టర్. ప్లాస్టర్ తడిని చాలా ఓర్చుకుంటుంది. డ్రైవాల్ అంటే రెండు కాగితాల మధ్య జిప్సం. ఎక్కువ తడిస్తే దాని పై కాగితమే ఉబ్బి లేచిపోతుంది. ప్రైమర్ వేయకుండా నేరుగా డ్రైవాల్ మీద అతికించి ఉంటే ఇంకా కష్టం, వాల్‌పేపర్ ఆ పై కాగితాన్ని పట్టుకుని దానితో సహా ఊడుతుంది. అందుకే తలుపు వెనక జానెడు మేర ముందు పరీక్షించండి. ఇల్లు బాగా పాతదైతే అడుగున సీసం కలిసిన పెయింటు, గరుకు పూతల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా పొడిగా సాండ్ పేపర్ పట్టవద్దు.

ఇక తడపడం. ఆ గదికి కరెంటు బ్రేకర్ ఆపి, స్విచ్ పలకలు తీసి, స్విచ్ పెట్టెల మీద టేపు వేయండి. కింద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత దుప్పటి పరవండి, లేదంటే జిగురు అంటిన కాళ్లతో ఇల్లంతా తిరుగుతారు. నాలుగు లీటర్ల వేడినీళ్లలో కొన్ని చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపితే నీళ్లు త్వరగా ఇంకుతాయి. జిగురును విడగొట్టే ఎంజైమ్ ద్రావణం వాడితే మాత్రం మరిగే నీళ్లు పోయకండి, ఎంజైమ్ చచ్చిపోతుంది. పైగా అది ప్రధానంగా పిండి జిగురు మీదే పనిచేస్తుంది.

ఒక్కో పట్టీని పై నుంచి కిందికి తడిపి 10–15 నిమిషాలు ఆగి, మళ్లీ తడపండి. నానిన కాగితం రంగు ముదురుతుంది, అతుకు దగ్గర అంచు కాస్త లేస్తుంది. అప్పుడు మూడు నాలుగు అంగుళాల స్క్రేపర్‌ను దాదాపు పడుకోబెట్టి తోయండి. తడిగుడ్డలా ముద్దగా వస్తే సరే. పీలికలుగా వస్తే ఇంకా నానలేదన్నమాట, స్క్రేపర్ పక్కన పెట్టేయండి. దాని మూలల్ని ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తే గోడకు గాట్లు పడవు.

ప్లాస్టర్ మీద రెండు మూడు పొరలు పేరుకుపోతే ఆవిరి పట్టే స్టీమర్ అక్కరకొస్తుంది. దాని పలకను ఒక్కోచోట 20–30 సెకన్లు ఆనించండి. డ్రైవాల్ అయితే అందులో సగం కూడా వద్దు. పలక అంచు నుంచి మరిగే నీళ్లు మోచేతి దాకా కారతాయి కాబట్టి పొడవాటి గ్లవ్స్ తప్పనిసరి.

కాగితం పోయినా జిగురు పోదు. తడి అరచేతితో రుద్దితే జారుడుగా తగిలేది అదే. పిండి జిగురైతే ఒక చుక్క అయోడిన్ పెడితే నల్లటి నీలంలోకి మారుతుంది. గోరువెచ్చని నీళ్లతో స్పాంజి పెట్టి, నీళ్లు మసకబారినప్పుడల్లా మారుస్తూ రెండు మూడుసార్లు కడగండి. ఈ పని ఎగ్గొట్టిన గోడ మీదే కొత్త పెయింటు పగుళ్లిచ్చి పెచ్చులూడుతుంది.

"అంత శ్రమెందుకు, మీదనే పెయింట్ వేసేద్దాం" అనేవాళ్లతో మేం ఏకీభవించం. నీళ్ల పెయింటు తగలగానే జిగురు మళ్లీ మెత్తబడి బుడగలు లేస్తాయి, అతుకులు గీతల్లా కనిపిస్తాయి. పరీక్షలో గోడే ఊడొస్తున్న డ్రైవాల్‌కు మాత్రం మినహాయింపు ఇస్తాం. అక్కడ లేచిన అంచులు అతికించి, ఆయిల్ లేదా షెల్లాక్ (లక్కతో చేసే) ప్రైమర్ వేసి, ఆపైన జాయింట్ కాంపౌండ్ (డ్రైవాల్‌కు వాడే పుట్టీ లాంటి ముద్ద) పల్చగా రెండుసార్లు లాగడమే మేలు.

డ్రైవాల్ చిరిగి గోధుమరంగు కాగితం బయటపడ్డ చోట కూడా క్రమం అదే. వేలాడే అంచుల్ని కత్తితో కోసేసి, అదే ప్రైమర్ పూసి, అది పూర్తిగా ఆరాకే కాంపౌండ్ పెట్టండి. లేకపోతే కాంపౌండ్‌లోని తడికి ఆ కాగితం మళ్లీ ఉబ్బుతుంది.