శ్రీయుత ‘మోకాల్లోతే సార్’ గారికి

అయ్యా,

మృగశిర కార్తె కదాని చేపల పులుసు తింటూ రాస్తున్నాను. గోదావరి చేపేనట. “దానికైనా లోతెక్కడుందో తెలిసుంటుంది” అంది మా ఆవిడ, నా కంచంలోకి చూస్తూ.

మొన్న ఆదివారం తమరు మమ్మల్ని పడవెక్కించారు. రోజుకెంతమందినో ఎక్కిస్తారు, గుర్తుండకపోవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి మలక్‌పేటలో బయల్దేరి, భద్రాచలంలో రాముణ్ణి చూసుకుని, రేవుకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. లైఫ్ జాకెట్లేవని అడిగాను. పడవ నడిపే కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా తమరి పేరు చెప్పాడు. “మోకాల్లోతే సార్, జాకెట్లెందుకు?” అలాగని జాకెట్లు లేకపోలేదు. పెట్రోలు డబ్బా కదలకుండా వాటినే అడ్డం పెట్టారు.

హైదరాబాదు వాళ్లకి నీళ్లు చదవడం రాదనుకోకండి. వాన పడితే అమీర్‌పేటలో మాకు రోడ్డు కనపడదు. సుడి తిరుగుతున్నచోట మ్యాన్‌హోలుకి మూత లేదని, ముందు బండి ఏ దారిన బయటపడిందో అదే మన దారని చిన్నపిల్లలకీ తెలుసు. నదికీ ఓ లెక్కుంది. వంపు తిరిగేచోట బయటి ఒడ్డు వైపు ప్రవాహం కోసుకుంటూ పోతుంది కనుక లోతు అటుంటుంది. లోపలి ఒడ్డు వైపు ఇసుక మేట వేస్తుంది. మా పడవ కుర్రాడు దగ్గర దారి కదాని లోపలి ఒడ్డే పట్టాడు. ముందు నీళ్ల మీద సన్నటి ముడతలు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. గాలి లేకుండా నీళ్లు వణికాయంటే కింద ఏదో తగులుతున్నట్టే కదా! ఆపమని అరిచేలోపే పడవ తోక కుంగింది, వెనకాల అల నిటారుగా లేచి మా వెంటపడింది. తర్వాత కర్‌ర్‌మని ఓ చప్పుడు.

దిగబడ్డాక తమ శిష్యుడు చేసిన పని చూడాలి. రివర్సు గేరేసి ఇంజన్ని గావుకేకలు పెట్టించాడు. ఆ ఇంజను చల్లబడాలంటే నదినీళ్లే తాగాలి. ఇసుక కలిపి తాగిస్తే లోపల పంపు అరిగిపోతుంది, ఇంజను ఉడికిపోతుంది. పొగొచ్చింది. పైగా మేం వాలులో పోతున్నాం, వెనకనుంచి ప్రవాహం మమ్మల్ని మేట మీదికే తోస్తోంది. అదే ఎదురెక్కుతూ తగులుకుని ఉంటే ఆ నీళ్లే వెనక్కి నెట్టి విడిపించేవి. గెడ ఉందా అంటే ఉంది. దానికి రంగు జెండాలు కట్టి ముందు నిలబెట్టారు. ఇంత జరుగుతున్నా స్పీకరు మాత్రం ఆగలేదు, అదొక్కటీ కండిషన్లో ఉంది.

“దిగి తోయండి సార్, మోకాల్లోతే.”

మళ్లీ తమరే. మా బావమరిది కుడిపక్క దిగాడు, నిజంగానే మోకాలు. నేను ఎడంపక్క దిగాను. గుండెల దాకా వచ్చాయి. మేట అంచు అక్కడితో తెగిపోయింది మరి. నా వెనకాలే మా పాప గౌను పైకెత్తి పట్టుకుని, “నేనూ దిగుతా నాన్నా, మోకాల్లోతే అంట” అంటూ ఓ కాలు బయట పెట్టింది.

ఎవరి మోకాలండీ?

ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను. నా మోకాలు 20 అంగుళాలు. మా పాప నిలువెత్తు 39. నా మోకాలు దాని ఎత్తులో సగం దాటింది. మా అత్తగారి మోకాలు ఆపరేషనైంది, ఆవిడ లెక్క వేరు. ఇంజను ఫ్యానుకి అసలు మోకాలే లేదు, అది పడవ అడుక్కన్నా కిందికి వేలాడుతుంది. జాకెట్ వద్దన్నది లోతు లేదని. పడవ దిగబడింది లోతు లేక. పాప కాలు పెట్టబోయినచోట మాత్రం లోతుంది! ఒక్క నోటిమాట మూడు చోట్ల మూడు రకాలు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి గోదావరి పొడుగునా పడవలు నడపాలని తెల్లదొరలు ఏళ్లతరబడి తంటాలు పడి, చివరికి 1871లో మానుకున్నారు. వాళ్లు కొలిచి మరీ ఓడిపోయారు. తమరికి ఆ కొలిచే బాధ కూడా లేదు.

మా మూసీ కూడా మోకాల్లోతేనండీ. 1908 సెప్టెంబరు 28న అదే మూసీ ఊరి మీద పడితే, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు. దాన్నింకా చూపిస్తారు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు గోదావరి వరదలో ఉంది, అది నీ పద్దు కాదు. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు జాకెట్ల గురించి మాట్లాడని మనిషి లేడు. ఇప్పుడవి పెట్రోలు డబ్బాకి దిండ్లు. వరద తగ్గగానే నువ్వు బయటికొచ్చావు. సిగ్గులేదూ నీకు? ఆ కాలు ఇంకో అడుగు పడి ఉంటే ఏం చెప్పేవాడివి? అప్పుడూ మోకాలే అనేవాడివా?

మమ్మల్ని విడిపించింది నాటుపడవలో వచ్చిన ఓ ముసలాయన. ఇంజను ఆపించి, పైకెత్తించి, మగాళ్లందర్నీ ముందుకి జరగమని, జెండాలు పీకేసి ఆ గెడతోనే వచ్చిన దారిన వెనక్కి తోశాడు. పది నిమిషాలు. లోతెంత తాతా అంటే నోరు విప్పలేదు. గెడ దించి, తీసి, తడి ఎంతవరకుందో చూపించాడు.

ఇక్కడితో ముగించేవాణ్ణే. నిన్న సాయంత్రం వాన పడింది. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిండాయి. ఒక ఆటో అతను తల బయటపెట్టి అడిగాడు, “ఎంతున్నయన్నా?”

నా నోట్లోంచి వచ్చింది నువ్వే.

అతని ఆటో సగంలో ఆగింది. దిగి తోశాను. నడుం దాకా ఉన్నాయి.

ఇట్లు,
20 అంగుళాలవాడు