తాత ఏ ఓడలో పనిచేశారు?

విశాఖలో నేవీ తాత ఒకరు పోతే పన్నెండో రోజుకల్లా వీధి మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. తెల్ల యూనిఫాంలో పాత ఫొటో, పక్కన జాతీయ జెండా, కింద ‘దేశసేవలో తరించిన ధన్యజీవి’. మల్కాపురమైనా, మర్రిపాలెమైనా అదే మాట. ఏ ఓడలో, ఏ పనిలో, ఎన్నేళ్లు అన్నది మాత్రం కనబడదు. ఫ్లెక్సీలో చోటు చాలక కాదు, ఇంట్లో ఎవరికీ తెలియక.

తెలియనిచోట కథ పుడుతుంది. ఈ ఊళ్లో ఆ కథ ఘాజీ. 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లవారేలోపు ఆ పాకిస్తానీ జలాంతర్గామి మన హార్బరు బయట మునిగిపోయింది. మన నౌకాదళం చెప్పే ప్రకారం దాన్ని దెబ్బతీసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్. లోపలి పేలుడే కారణమని పాకిస్తాన్ అంటుంది. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ చేరింది. అయినా చాలా ఇళ్లలో మనవలు ‘ఘాజీని ముంచింది మా తాతే’ అంటారు. అప్పటి నావికుల్లో అత్యధికులు వేరే చోట్ల ఉన్నారు: బాంబే వైపు ఓడల్లో, డాక్‌యార్డుల్లో, విక్రాంత్ బాయిలర్ల దగ్గర. నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లు పట్టినా ఆ ఓడ యుద్ధానికి వెళ్లింది. ఆ వేడిలో వాచ్ డ్యూటీ చేసిన మనిషికి అరువు తెచ్చిన వీరగాథ ఎందుకు?

నిజం తేల్చుకోవడానికి బీరువాలోని పతకాలు చాలావరకు సాయపడతాయి. పూర్వీ స్టార్ ఉంటే ఆ యుద్ధంలో తూర్పు రంగంలో, పశ్చిమీ స్టార్ అయితే పడమటి రంగంలో పనిచేసినట్టు. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నారని చెప్పొచ్చు కానీ, పోరు జరిగిన సముద్రంలో ఉన్నారని చెప్పలేం. పతకం మీద సన్నగా చెక్కిన నంబరూ పేరూ వెతకండి. దినానికి ఫొటో పక్కన పెడదామని చింతపండుతోనో బ్రాసోతోనో తోమేస్తారు చూడండి, అక్కడే చెడుతుంది: ముందు అరిగేది ఆ అక్షరాలే. పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్ తడపొద్దు, రంగు దిగుతుంది.

ఓడల పేర్లూ తేదీలూ కావాలంటే డిశ్చార్జి కాగితాలు చూడాలి. అవి పోతే నావికుల రికార్డులుండే ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సైలర్స్‌కి సర్వీసు నంబరు వేసి రాయాలి. ఇక ఫొటోలు. ఉప్పుగాలికీ చెమ్మకీ జిగురు పేజీల ఆల్బమ్‌లో బొమ్మలు అతుక్కుపోతాయి. హుద్‌హుద్‌లాంటి తుపాను వస్తే అసలే దక్కవు. ఊడదీయబోతే చిరుగుతాయి కాబట్టి పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. విడి ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి; బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు తేలుతుంది.

మనిషి ఉండగానే అడగడం అన్నిటికంటే మేలు. ‘మీ జీవితం గురించి చెప్పండి తాతా’ అంటే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఓడలో ఎక్కడ పడుకునేవారు, మొదటి జీతం ఎంత, ఇంటికి మనియార్డరు ఎంత పంపేవారు అని అడిగితే గంటసేపు చెబుతారు. ఇంజను గదిలో ఏళ్లు గడిపినవారికి పిల్లల సన్నని గొంతు సరిగ్గా వినబడదు. ఎదురుగా కూర్చుని, కీచుగా కాకుండా లోతైన గొంతుతో నిదానంగా అడగాలి. ఫ్యాను ఆపి, ఫోన్‌ను మడిచిన తువ్వాలు మీద జానెడు దూరంలో పెట్టండి. ఓడల పేర్లు తారుమారైతే మధ్యలో దిద్దొద్దు, కాగితాలతో తర్వాత సరిచూసుకోవచ్చు.

అయితే ఆయన చెప్పేది సగమే. నావికుడికి పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే చాలామంది నలభై లోపే బయటికొచ్చి షిప్‌యార్డులోనో పోర్టులోనో రెండో ఉద్యోగంలో కుదిరారు. పిల్లలకు గుర్తున్న ‘కుటుంబం మనిషి’ ఈ రెండో భాగంవాడే. మొదటి భాగంలో ఇల్లు నడిపింది నానమ్మ. జ్వరాలు, బడి ఫీజులు, ఓడ ఎప్పుడొస్తుందో రాయని ఇన్‌లాండ్ లెటర్లు, అన్నీ ఆమె లెక్కలోవి. శ్రద్ధాంజలి ప్రకటనలో ఆమెకు దక్కేది ‘భార్య’ అన్న ఒక్క మాట.

కాగితాల్లోనూ ఆమె అంతే. ఫ్యామిలీ పింఛనుకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరు నిండితే 100 శాతం అదనం. దానికి పీపీవోలో, అంటే పింఛను మంజూరు పత్రంలో, ఆమె పుట్టినతేదీ ఉండాలి. చాలా పాత పీపీవోల్లో పేరే ఉంటుంది, తేదీ ఉండదు. ఆధార్‌లో చూస్తే, అసలు తేదీ తెలియక వేసిన జనవరి 1. సర్వీసు రికార్డులో ఆమె పేరు ఒకలా, బ్యాంకులో ఇంటిపేరుతో ఇంకోలా ఉండటం మరో చిక్కు. తాత సంతకం పెట్టగలిగినప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి ఇవి సరిచేయించుకోండి. ఆ పని మీద వెళ్లేటప్పుడు ఆటోలో పక్కన కూర్చునేది నానమ్మే. ఓడ హార్బరులోకి వచ్చిందని కబురు ఎలా తెలిసేదో ఆమెను అప్పుడే అడగొచ్చు.