మన టీకా, మన పిల్లలకు తప్ప

వానలు మొదలైతే మురుగు కాలువల్లోంచి వెళ్లే కుళాయి గొట్టాలు ఏం తెస్తాయో ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. టైఫాయిడ్ ఇక్కడ వింత కాదు. వింత ఢిల్లీలో జరుగుతోంది.

ఈ జబ్బును అడ్డుకునే కాంజుగేట్ టీకా (క్రిమి పైపొరలోని చక్కెరను ఒక ప్రొటీన్‌తో జతచేసి చేసేది) హైదరాబాదులో తయారవుతోంది. ఆరు నెలలు నిండిన పసిబిడ్డకు ఒక్క డోసు చాలు. 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మందులకు లొంగని టైఫాయిడ్ సింధ్‌లోని హైదరాబాదును కుదిపేసినప్పుడు, 2019లో పాకిస్థాన్ మన హైదరాబాదు టీకానే తెప్పించుకుని జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2022లో నేపాల్ కూడా టైఫాయిడ్ టీకా మొదలుపెట్టింది. అక్కడి పిల్లలకు అది ఉచితం. కర్నూలు కూలీ తన బిడ్డకు వేయించాలంటే వెయ్యి రూపాయలకు పైనే పెట్టి కొనుక్కోవాలి.

పోనీ నిపుణులు కాదన్నారా? టీకాలపై కేంద్రానికి సలహాలిచ్చే జాతీయ సాంకేతిక సలహా బృందం 2022లోనే చేర్చమంది. అయినా ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల పట్టికలో దానికి చోటు దొరకలేదు.

ఖర్చు, శీతల నిల్వలు, వరుసలో ఉన్న ఇతర టీకాలు చూసుకోవాలని అధికారులు అంటారు. శుభ్రమైన నీరే అసలు మందని మరికొందరంటారు. రెండూ నిజమే. అయితే నీటి గొట్టాలు మార్చేదాకా పిల్లలు జ్వరాన్ని వాయిదా వేసుకోలేరు. లెక్కలు లేవనడానికీ వీల్లేదు. దేశవ్యాప్త టైఫాయిడ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందులో అనంతపురం ప్రాంతపు ఆసుపత్రి రోగుల లెక్కలూ ఉన్నాయి. లెక్కకు మన పిల్లలు పనికొచ్చారు, టీకాకు పనికిరాలేదు!

తలచుకుంటే చేయలేరా? 2016లో పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావైరస్ టీకా మొదట అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదీ హైదరాబాదు సరుకే.

ఇంగ్లండ్‌లో టీకాల సలహా కమిటీ ఖర్చుకు తగ్గ ఫలితం ఉందని తేల్చి సిఫారసు చేస్తే ఆరోగ్య మంత్రి అమలు చేయాల్సిందేనని 2009 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మన దగ్గర సిఫారసుకు గడువు లేదు, పక్కన పెడితే కారణం చెప్పే బాధ్యత అంతకన్నా లేదు. ఈరోజు టైఫాయిడ్ ఫైలు, రేపు మరో ఫైలు. ఒకసారి మౌనం చెల్లుబాటైతే అదే పద్ధతి అవుతుంది.

సీమ ఎంపీలు రాబోయే పార్లమెంటు సమావేశాల్లో ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అడగాలి. కేంద్రం దగ్గర జవాబు లేకపోతే, ప్రపంచానికి టీకాలిచ్చే దేశమంటూ వేదికలెక్కి చెప్పుకొనే గొప్పలైనా కట్టిపెట్టాలి.