కర్నూలుకు హీటింగ్ కావాలి

మే నెలలో నలభై నాలుగు డిగ్రీలు దాటే ఊళ్లో కూర్చొని, ఇల్లు వెచ్చబెట్టుకునే ఏర్పాటు గురించి సీరియస్‌గా రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. అవసరమైనవి మాత్రమే కొనుక్కోవడం సామాన్యుల పద్ధతి, నంద్యాల చెక్‌పోస్టు దాటాక డూప్లెక్సు కట్టుకున్నవాళ్లకు అది నప్పదు. వాళ్ల హాల్లో గోడ మీద థర్మోస్టాట్, అంటే ఇంట్లో వేడి చూసుకొని మిషన్‌ను నడిపే చిన్న డబ్బా, ఉండాలి, దాని మీద హీట్, కూల్ అని రెండూ కనిపించాలి, వచ్చిన చుట్టాలు "ఇదేందప్పా?" అని అడగాలి. అడిగేస్తే దాని డ్యూటీ ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

మాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో ఈ మధ్యే ఆ శుభకార్యం జరిగింది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఇంటికంతా కలిపి ఒక యంత్రం, దానికో థర్మోస్టాట్. చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు మండాలన్నా, ఎండాకాలం కంప్రెసర్ తిరగాలన్నా గోడ మీది ఆ చిన్న డబ్బా నుంచే ఆర్డరు పోవాలి. నాన్నకు కూడా ఆ సుఖం తెలియాలని, ఫోన్లో యాప్‌తో నడిచేది ఒకటి సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య పెట్టుకొని తెచ్చి, బిగించే లోపలే లీవు అయిపోయి వెళ్లిపోయాడు. ఇక్కడ ఇంట్లో ఉన్నది సీలింగులో దాక్కునే డక్టు ఏసీ. దానికి హీటింగే లేదు. ఇది చిన్న విషయం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మూత ఊడదీశాడు. లోపల చిన్న చిన్న స్క్రూల పక్కన అక్షరాలు: ఆర్, వై, ఓ/బీ, జీ, డబ్ల్యూ, సీ. చూడగానే అతని ముఖం వెలిగింది. "ఆర్, వై, బీ. త్రీ ఫేజే కదా సార్! ఈ జీ అంటే గ్రీను, ఎర్తు. అరగంట పని."

ఇందులో అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులనీ, ఆకుపచ్చ ఎర్తనీ మన దేశంలో ఇంజనీర్ల దగ్గర్నుంచి హెల్పర్ల దాకా అందరికీ తెలిసిందే. అమెరికా వాడు ఇంచుమించు అవే రంగులు తీసుకొని వేరే ఉద్యోగాలకు పంచాడు. ఆర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు. వై కంప్రెసర్‌ది, జీ ఫ్యానుది, డబ్ల్యూ హీటింగుది, ఓ/బీ హీట్ పంపుల్లో (ఒకే మిషన్ వేడీ చల్లదనమూ రెండూ ఇచ్చే రకం) గ్యాసు దారి మళ్లించే వాల్వుది, సీ కరెంటు తిరిగిపోయే దారి. థర్మోస్టాట్ చేసేదల్లా వేడి చూసుకొని ఆర్‌ను కావలసిన తీగతో కలపడం, చాలనుకున్నప్పుడు విడదీయడం. అంటే ఇంత హంగామా చేసి మనం గోడకు పెట్టింది తనంతట తాను నొక్కుకునే స్విచ్చు. పోనీ అమెరికాలో అయినా రంగుల్ని నమ్మొచ్చా అంటే అదీ లేదు. వైరింగు చేసినోడు ఆ రోజు చేతికి ఏ తీగ దొరికితే అది లాగి ఉంటాడు కాబట్టి, అవతలి కొస మిషన్ దగ్గర ఏ అక్షరం కింద బిగించి ఉందో చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేం. ఈ విషయంలో మాత్రం రెండు దేశాలు ఒకటే.

తర్వాత వోల్టేజీ గొడవ. ఈ డబ్బాకు కావలసింది 24 వోల్టులు. మన ప్లగ్గులో ఉండేది 230. కొడుకు వీడియో కాల్లో మరీ మరీ చెబితే, బజారుకెళ్లి 230ని 24 చేసే ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టారు. ఎలక్ట్రీషియన్ జేబులోంచి టెస్టరు తీసి తీగకు ఆనించి, వెనకాల బొటనవేలు పెట్టాడు. వెలగలేదు. తీగ మార్చాడు. వెలగలేదు. టెస్టరును ఒకసారి విదిలించి, పక్కనున్న ప్లగ్గులో పెట్టి చూస్తే అక్కడ బ్రహ్మాండంగా వెలిగింది.

"దీంట్లో కరెంటే లేదు సార్."

"అన్నా, 24 వోల్టులకు టెస్టరు వెలగదు. మీటరు పెట్టి చూడన్నా," డల్లాస్ నుంచి కొడుకు.

"టెస్టరే వెలగని కరెంటుతో ఏసీ యాడ తిరుగుతాది సార్? డైరెక్టు ఇచ్చేద్దామా?"

టెస్టరులోని నియాన్ బుడ్డి వెలగాలంటే కనీసం అరవై, డెబ్బై వోల్టులైనా కావాలి. అయినా ఏసీని తిప్పేది ఈ 24 కాదు, అది కబురు మోసే కరెంటు మాత్రమే. ఇవన్నీ అప్పుడు ఎవరు వింటారు? డైరెక్టు అన్న మాట విన్నాక కొడుకు అక్కడ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పటికి వాళ్లకు అర్ధరాత్రి దాటింది. 24 వోల్టుల సరుక్కి 230 ఇస్తే ఏమవుతుందో అతనికి తెలుసు, ఎలక్ట్రీషియన్‌కూ తెలుసు. కాకపోతే అతని లెక్కలో, కాలితే కాలింది, కనీసం లోపల ఏదో ఉన్నట్టు తెలుస్తుంది కదా.

ఇక్కడ కాస్త చరిత్ర. 1953లో అమెరికాలో హనీవెల్ కంపెనీ గుండ్రటి థర్మోస్టాట్ ఒకటి తెచ్చింది. లోపల వేడికి వంపు మారే లోహపు చుట్ట, దానికో పాదరసం బుడ్డి. చుట్ట కదిలితే బుడ్డి ఒరుగుతుంది, పాదరసం జారి రెండు తీగల్ని కలుపుతుంది. దాని పొట్టకు కరెంటు అక్కర్లేదు, కాబట్టి సీ తీగ గోల కూడా లేదు. ఇప్పటి తెలివైన డబ్బాలకు వైఫై, తెర, యాప్ అన్నీ కావాలి గనక ఇరవై నాలుగ్గంటలూ కరెంటు తాగుతూనే ఉండాలి, అందుకే పాత ఇళ్లలో సీ తీగ లేక అక్కడివాళ్లు గోడలు తవ్వుకుంటున్నారు. అదే 1953 అక్టోబర్ 1న మనకు ఆంధ్ర రాష్ట్రమూ, కర్నూలుకు రాజధానీ వచ్చాయి. గుడారాల్లో ఆఫీసులు పెట్టుకొని, ఆ ఎండలో, థర్మోస్టాట్ ఊసే లేకుండా ప్రభుత్వం నడిపారు. మూడేళ్లకు రాజధాని వెళ్లిపోయింది. ఆ గుండ్రటి థర్మోస్టాట్ ఇంకా ఎన్నో గోడల మీద ఉంది.

సరే, కథలోకి వద్దాం. చివరికి ఎలక్ట్రీషియన్ సీలింగులోకి తల దూర్చి చూస్తే డక్టు ఏసీ బోర్డు మీద వై లేదు, జీ లేదు, అమెరికా అక్షరాల్లో ఒక్కటీ లేదు. దానికి దాని రిమోటు ఉంది, దాని భాష దానికుంది. అప్పుడతను నాకు తెలిసినంతలో ఈ జిల్లాలో జరిగిన అత్యుత్తమ సాంకేతిక నిర్ణయం తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆర్‌కు ఒక తీగ, సీకి ఒక తీగ. అంతే. తెర వెలిగింది, వైఫై పట్టింది, డల్లాస్‌లో యాప్ పచ్చగా అయింది. మిగతా తీగలు గోడలోకి పోయి అక్కడే ఆగిపోయాయి. వాటిలో తెల్లది, హీటింగుది, 2020లో చట్టం చేసి 2021లో వెనక్కి తీసుకున్న మన న్యాయ రాజధాని లాంటిది: ఇవతల బోర్డు ఉంది, అవతల ఏమీ లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి కొడుకు అక్కడ యాప్‌లో డెబ్బై రెండు ఫారన్‌హీట్‌కు తిప్పుతాడు. ఇక్కడ పెద్దాయన రిమోటుతో ఇరవై ఆరులో పెట్టుకొని, "చల్లగా అయిందిరా, ఇంక తగ్గించొద్దు" అంటాడు. ఆ పిల్లోడి సంతోషం చూడాలి.

చిక్కల్లా ఎక్కడంటే, థర్మోస్టాట్‌ను ఎండ తగలని లోపలి గోడకు, దగ్గర్లో దీపాలూ టీవీలూ లేకుండా, మనిషి ఛాతీ ఎత్తున పెట్టాలి. పెద్దాయనకు అది వీధి గుమ్మంలోంచి కనపడాలి కాబట్టి పడమటి గోడకు, టీవీ పక్కన పెట్టించాడు. సాయంత్రం ఆరింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. ఒకరోజు కొడుకు కంగారుగా ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంట్లో తొంభై ఆరు ఉంది!"

"తొంభై ఆరేనా? అయితే జరం లేనట్టే కదరా నాయనా."

ఫారన్‌హీట్ మనకు తెలిసేది జ్వరం చూసినప్పుడే. ఆమె లెక్కలో తప్పు లేదు. ఇల్లు ఆరోగ్యంగా ఉంది. ఇంకో లాభం కూడా ఉంది, కరెంటు పోగానే డివైస్ ఆఫ్‌లైన్ అని డల్లాస్‌లో మెసేజ్ మోగుతుంది, కాబట్టి మా ఏరియాలో కరెంటు పోయిందని లైన్‌మన్ కంటే ముందు ఆ పిల్లోడికే తెలుస్తుంది.

గృహప్రవేశానికి వచ్చి చూసి పోయిన నంద్యాల వియ్యంకుడు ఊరుకుంటాడా? తనకు అలాంటివి రెండు కావాలన్నాడు, కిందొకటి, పైనొకటి. పైగా ఆయనకు హీటింగు తీగకు కూడా కనెక్షన్ ఉండాలట, ఖర్చు ఎంతైనా సరేనట. ఎలక్ట్రీషియన్ ఆలోచించి, ఈ పనిలో ఇప్పుడు చుట్టుపక్కల తనొక్కడే నిపుణుడు గనక, నెమ్మదిగా తన షరతు చెప్పాడు.

"కనెక్షన్ లేకుండా బిగిస్తే గ్యారంటీ ఇస్తా సార్. కనెక్షన్ ఇస్తే మాత్రం నాకు సంబంధం లేదు."