ఏముంది, మిక్సీలో వేస్తే సరి!

తెలుగులో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఏదో తేల్చడానికి పోటీ పెడితే బూతులన్నీ మొదటి రౌండులోనే ఇంటికి పోతాయి. కప్పు కొట్టేది ఒకటే మాట: "ఏముంది." పులిహోరా? ఏముంది, చింతపండు పులుసు కలిపేయడమేగా. ఆవకాయా? ఏముంది, ముక్కలు కొట్టి కారం కలపడమేగా. ఈ మాట అన్నవాడు ఆ పని జన్మలో చేసి ఉండడు, చేసినవాడు ఈ మాట అనడు. న్యూటన్ తన సూత్రాల పక్కన దీన్నీ చేర్చి ఉండేవాడే గానీ, పాపం ఆయన పెళ్లి చేసుకోలేదు. పండగ పూట వంటింట్లో ఏం జరుగుతుందో, హాల్లో ఏం మాట్లాడతారో పోల్చి చూసే అవకాశం లేకపోయింది.

ఈ మాట తాజాగా చేసిన ఘాతుకానికి నేను ప్రత్యక్ష సాక్షిని. స్థలం డాలస్ శివార్లలో మా అక్కావాళ్ల ఇల్లు. తేదీ నవంబరు నాలుగో గురువారం, అంటే అమెరికా వాళ్ల థ్యాంక్స్‌గివింగ్. హతులు అయిదు పౌండ్ల బంగాళాదుంపలు.

మనకి సంక్రాంతికి అరిసెలు ఎంతో వాళ్లకి ఆ రోజు మాష్డ్ పొటాటో, అంటే ఉడికించి మెదిపిన దుంపల ముద్ద, అంత. టేబుల్ మధ్యలో టర్కీ కోడి పెళ్లికొడుకులా కూర్చుంటుంది గానీ, ఎండిపోయిన ఆ మాంసాన్ని గొంతు దింపేది ఈ ముద్దా, దాని గుంటలో పోసే గ్రేవీనే. ఈసారి మా మేనకోడలు కాలేజీ నుంచి తన రూమ్మేట్‌ని వెంటబెట్టుకొస్తోంది. అమెరికా పిల్ల, పండక్కి ఇంటికి వెళ్లే వీల్లేక ఇక్కడికొస్తోంది. "మాష్డ్ పొటాటో ఉంటుందా?" అని ఫోన్లో మెల్లిగా అడిగిందట. అంతే, మా అక్క చీర కొంగు దోపింది.

అక్క మామూలు మనిషి కాదు. ఒక పని ఒప్పుకుంటే దాని వంశచరిత్ర తవ్వుతుంది. దుంపల్లో యూకాన్ గోల్డ్ తెచ్చింది. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసి 1980లో వదిలిన రకం అది. కోస్తే లోపలే వెన్న రంగు. ప్యారిస్ వంటగాడు జోయెల్ రొబుషాన్ లెక్క కూడా పట్టుకుంది. ఆయన ఈ ముద్దతోనే ప్రపంచాన్ని గెలిచిన మనిషి. కిలో దుంపలకి పావుకిలో వెన్న. తొక్కతోనే ఉడకబెట్టి, వేడిగా ఉండగానే ఒలిచి, చిల్లుల గిన్నెలో తిప్పి, మళ్లీ పొయ్యి మీద పెట్టి తడి ఆరేదాకా కలియబెట్టి, ఆ తర్వాత చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ చెయ్యి పడిపోయేలా తిప్పి, చివర్న వేడి పాలు. కిలోకి పావుకిలో అంటే అయిదు పౌండ్ల సంచికి అమెరికా వెన్న కడ్డీలు సరిగ్గా అయిదు. ఒక పెట్టెలో నాలుగే ఉంటాయి కాబట్టి అక్క రెండు పెట్టెలు తెచ్చింది.

ఆ రెండు పెట్టెలు బావ కంటపడ్డాయి.

"ఇంత వెన్నా! కొలెస్ట్రాల్ ఏమైపోవాలి?" అన్నాడు బావ. ఈ మాట అన్నప్పుడు ఆయన చేతిలో మిరపకాయ బజ్జీ ఉంది. అంతకుముందు రోజు మధ్యాహ్నం ఇదే మనిషి ముద్దపప్పులో గుంట చేసి, నెయ్యి ఒడ్డు తెగి అన్నంలోకి పొంగేదాకా పోసుకుని, "ఇంకొంచెం వేడిగా ఉంటే బాగుండేది" అన్నాడు. నెయ్యి మన సంస్కృతిట. వెన్న మాత్రం గుండెపోటు. ఒకే గేదె, ఒకే పాలు, మధ్యలో పొయ్యి ఒక్కటే తేడా. ఆ పొయ్యి మీదే ఆయన ఆరోగ్యం మొత్తం ఆధారపడి ఉందన్నమాట.

సాయంత్రం అయిదున్నరకి దుంపలు ఉడికాయి. అతిథులు ఆరింటికి. పొద్దున్న అయిదింటి నుంచి నిలబడే ఉన్న అక్క పది నిమిషాలు స్నానానికి వెళ్తూ, "దుంపలు ఒలిచి ఉంచండి చాలు, నేనొచ్చి మెదుపుతాను" అంది. ఆ పది నిమిషాల్లోనే జరిగింది.

"మెదపడానికి ఈవిడ రావాలా?" అన్నాడు బావ సోఫాలోంచి లేస్తూ. (లేవడమే అరుదైన సంఘటన. నేను గమనించి ఉండాల్సింది.) "ఏముంది, మిక్సీలో వేస్తే సరి!"

నేనక్కడే ఉన్నాను. ఆపలేదు. బావని ఆపే అధికారం బావమరిదికి మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

అది అమెరికా కరెంటుకి పనిచేసే మన మిక్సీ. దాని జార్‌లో పదిహేనేళ్ల అల్లంవెల్లుల్లి చరిత్ర ఉంది. ఎంత కడిగినా పోని చరిత్ర. అందులోకి నాలుగు దుంపలు దిగాయి. బావ నాబ్ తిప్పాడు. గుర్రు మంది. దుంపలు ఒకసారి గుండ్రంగా తిరిగి, బ్లేడు చుట్టూ గుహ కట్టుకుని ఆగిపోయాయి. లోపల బ్లేడు ఒంటరిగా తిరుగుతోంది, బయట దుంపలు చూస్తున్నాయి. బావ మూత తీసి గరిటెతో పొడిచి, కాసిని చల్లటి పాలు పోసి మళ్లీ తిప్పాడు. ఈసారి కాలిన వాసన వచ్చి మిక్సీ ఆగిపోయింది. బావ దాన్ని తలకిందులు చేసి, అడుగున ఎర్ర బటన్ నొక్కి, "మన సరుకు, ఏమీ కాదు" అని దాని భుజం తట్టాడు. అలా నాలుగు వాయిలు. వెన్న మాత్రం రెండు చెంచాలు, కొలెస్ట్రాల్ దృష్ట్యా.

గిన్నెలోకి వంపాడు. వంగలేదు. జార్‌ని బోర్లించి పట్టుకుంటే అది మెల్లిగా, పెళ్లికూతురు అత్తారింటికి వెళ్తున్నంత నిదానంగా కిందికి సాగింది. సాగింది, సాగుతూనే ఉంది, తెగలేదు. గరిటె గుచ్చి పైకి ఎత్తాడు. గిన్నె కూడా లేచింది. ఆయన గరిటె వదలడు, గరిటె గిన్నెని వదలదు. ముగ్గురూ కాసేపు గాల్లో అలాగే ఉన్నారు. చిన్నాడు పరిగెత్తుకొచ్చి ఓ ముద్ద లాగి, "డాడ్, స్లైమ్!" అని ఆనందంతో కేక పెట్టాడు.

అప్పుడు బావ మొహంలోకి ఓ వెలుగు వచ్చింది. నాకు అర్థమైంది. ఈయన ఏలూరులో చదువుకునే రోజుల్లో అభిమాన సంఘం తరఫున రాత్రిళ్లు గోడలకి పోస్టర్లు అంటించిన మనిషి. మైదాపిండి లై కాచడంలో ఆయన్ని మించినవాడు లేడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత, సముద్రాల అవతల, అనుకోకుండా అదే లై కాచాడు. మైలుతుత్తం కలపలేదు, అదొక్కటే లోటు. గుమ్మం మీద పొద్దుట్నుంచి ఊడిపోతున్న పండగ బ్యానర్ మూలకి చిన్నాడు ఆ ముద్ద రాసి నొక్కాడు. నేను ఇండియాకి బయల్దేరే రోజు దాకా ఆ మూల ఊడలేదు.

ఇందులో మాయేమీ లేదు. ఉడికిన దుంపలో పిండి చిన్న చిన్న సంచుల్లో ఉబ్బి కూర్చుని ఉంటుంది. పప్పుగుత్తితో మెదిపితే ఆ సంచులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, చాలామటుకు చిరగవు. అందుకే ముద్ద నోట్లో కరుగుతుంది. మిక్సీ బ్లేడు వాటన్నిట్నీ చింపి పోగులు పెడుతుంది. లోపలి బంక మొత్తం బయటికొస్తుంది. వెన్న ముందు, పాలు తర్వాత వేయడంలోనూ మర్మం అదే. బయటికొచ్చిన ఆ కాస్త పిండిని వెన్న ముందే చుట్టేస్తే జిగురు కట్టదు. అంటే ఆ వెన్న ఒంట్లో కొవ్వు పెంచడానికి వేసింది కాదయ్యా మహానుభావా, అదే ఆ వంట.

ఆరింటికి అతిథులు వచ్చారు. పద్నాలుగు మంది. గిన్నె టేబుల్ ఎక్కింది. ఆ రూమ్మేట్ పిల్ల ఆశగా చెంచాడు పెట్టుకుంది, అంటే పెట్టుకోవడానికి ప్రయత్నించింది. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. ఆలుగడ్డ ముద్దని నమలడం నేను చూడటం అదే మొదలు. తర్వాత నవ్వి, "ఇంట్రెస్టింగ్" అంది. అమెరికా వాళ్లు ఆ మాట అన్నారంటే మనవాళ్లు పెళ్లిచూపుల తర్వాత "ఇంటికెళ్లి ఫోన్ చేస్తాం" అన్నట్టే.

అంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కింటి తెలుగాయన గిన్నె వంక చూసి కనుబొమలు ఎగరేశాడు. అప్పుడు మా బావ, చేతులు కడుక్కుని, ఇస్త్రీ లాల్చీలో, పెద్దరికంగా నవ్వుతూ అన్నాడు: "మా ఆవిడకి ఈ అమెరికన్ వంటలు అంతగా పట్టుబడవు లెండి."

అక్క ఏమీ అనలేదు. గ్రేవీ గిన్నె ఇటు జరిపి, "ఇది పోసుకోండమ్మా, బాగుంటుంది" అంది ఆ పిల్లతో.

ఆ క్షణం నుంచి నాకు ఇది హాస్యం కాదు. పొద్దున్న అయిదింటి నుంచి నిలబడ్డ మనిషికి ఆ పది నిమిషాల నీళ్లు కూడా దక్కనివ్వరా? చెడగొట్టింది ఒకడు, పేరు పోయింది ఇంకొకరిది. ఇది ఒక్క దుంపల సంగతి కాదు. మా అమ్మ నలభై ఏళ్లు రోట్లో రుబ్బింది. ఆ రోలు ఏ గదిలో ఉందో మా నాన్నకి తెలియదు. "ఏముంది, పచ్చడేగా" అని మాత్రం తెలుసు. అందులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే కనిపెట్టడం తెలుసు. మిక్సీ వచ్చాక "ఇప్పుడింకేముంది, అన్నీ మిషన్లేగా" అన్నారు. మిషన్ ఎవరు కడుగుతారు? జార్ కింద గూడు కట్టిన పచ్చడి పుల్లతో ఎవరు గోకుతారు? మా అక్క వారానికి అయిదు రోజులు ఆఫీసు చేస్తుంది, బావకంటే ఎక్కువ జీతం తెస్తుంది, అయినా ఆ ఇంట్లో పప్పుగుత్తి ఏ సొరుగులో ఉందో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. తెలియకపోతే తెలియదని ఊరుకోండి. కూర్చుంటే కూర్చోండి, మీ సోఫా, మీ ఫుట్‌బాల్. కానీ "ఏముంది" అనకండి. సిగ్గుండాలి.

(నా సంగతి అడక్కండి. పప్పుగుత్తి ఏ సొరుగులో ఉందో ఆ రాత్రి దాకా నాకూ తెలియదు.)

పదిన్నరకి అతిథులు వెళ్లారు. పిల్లలు పైకెళ్లారు. సంచి అడుగున ఆరు దుంపలు మిగిలాయి. తొక్కతోనే చన్నీళ్లలో వేసి, ఉప్పు వేసి, పొయ్యి వెలిగించాను. అక్క స్టూల్ మీద కూర్చుని కాళ్లు చాపింది. దగ్గరుండి చెప్పడం తప్ప చెయ్యి పెట్టకూడదని ఒట్టు పెట్టించుకున్నాను. చెయ్యి కాలుతుంటే పంచె కొంగుతో పట్టుకుని ఒలిచాను. చిల్లుల గిన్నె లేదు గానీ, అక్క నవ్వుతూ పైసొరుగు చూపించింది. జంతికల గొట్టం! సన్న కారప్పూస బిళ్ల వేసి వత్తితే దుంప వెన్నరంగు పోగులుగా రాలింది. ప్యారిస్‌లో ఆ మహానుభావుడికి ఈ గొట్టం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గిన్నె మళ్లీ పొయ్యెక్కించి తడి ఆర్చాను. పెట్టెలో మిగిలిన వెన్న నుంచి ఒక్కో ముక్కా వేస్తూ తిప్పాను. మూడో ముక్కకి భుజం పట్టేసింది. అయిదో ముక్కకి మా అమ్మ గుర్తొచ్చింది. వేడి పాలు పోసేసరికి అది ముద్దలా కాదు, పట్టులా జారింది.

పళ్లెంలో పెట్టబోయాను. అక్క వద్దని, గిన్నె ఒళ్లో పెట్టుకుని చెంచాతో తినడం మొదలుపెట్టింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ గిన్నెలోనే ఇంకో చెంచా వేశాను.

వెన్న వాసన హాల్లోకి వెళ్లినట్టుంది. సోఫాలోంచి బావ గొంతు వినిపించింది.

"ఏమోయ్, అక్కడేదో కమ్మగా ఉందే! ఏమైనా మిగిలిందా?"

అక్క గిన్నె అడుగు చెంచాతో శుభ్రంగా గీకింది.

"ఏముంది!"