వంటింటి ఇల్లరికపుటల్లుడు, నీళ్ళు శుద్ధి చేసే ఆర్ఓ ప్యూరిఫయర్ గారికి

ఆర్ఓ గారూ,

బాగున్నారా అని అడగను, మీకేం లోటు. వంటింట్లో మంచి గోడ మీదే, ప్లగ్ పాయింటూ మీదే. కొత్తల్లుడికైనా మూడు పండగలు దాటితే మర్యాదలు తగ్గుతాయి గానీ మీకు మాత్రం ఏటేటా ఫిల్టర్లు, లవణాల్ని వడకట్టే మెంబ్రేన్ పొర, ఏఎంసీ అనే ఏడాది సర్వీసు ఒప్పందం రెన్యువల్, కొంచెం లేటయితే చాలు ఎర్ర లైటు వెలిగించుకుని అలకపాన్పు ఎక్కేస్తారు, మేం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కి, ఆ పాటంతా విని మిమ్మల్ని దింపుకోవాలి.

సరే, ఇవ్వన్నీ మామూలే. అసలు మాట్లాడాల్సింది మీ వెనక నుంచి వచ్చి సింకులో వేలాడే ఆ సన్నటి తెల్ల పైపు గురించి. పగలు మిక్సీ గోలలో, టీవీ గోలలో వినపడదు గానీ మీ ట్యాంకు నిండుతున్నంతసేపూ అది అలా కారుతూనే ఉంటుంది. లెక్కేస్తే మీరు ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్లు పారబోస్తారు. ఇంట్లో తాగడానికీ వంటకీ కలిపి రోజుకి 20 లీటర్లు అనుకోండి, 60 లీటర్లు సింకు పాలు, ఏడాదికి దాదాపు 22 వేల లీటర్లు. మా అపార్ట్‌మెంట్‌లో 200 ఫ్లాట్లు, ప్రతి ఇంట్లోనూ మీ అన్నదమ్ములే, అంటే రోజుకి 12 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండున్నర! ఏప్రిల్ వస్తే మా వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ రాలేదని జుట్టూ జుట్టూ పట్టుకుంటారు, సెక్రటరీ గారు కార్లు కడగొద్దని నోటీసు పెడతారు, పనమ్మాయి పంపు కట్టలేదని ఎవరో ఒకరు ఫొటో పెడతారు. మీ పేరు మాత్రం ఎవ్వరూ ఎత్తరు. అల్లుడుగారు కదా, ఎలా ఎత్తుతారు.

ఈ నీళ్ళు ఊరికే వచ్చాయనుకుంటున్నారేమో. హైదరాబాద్‌కి కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి రావాలి, రెండూ వంద కిలోమీటర్ల పైమాటే, అంత దూరం మోటార్లతో ఎత్తిపోసి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి మా సంపులో పోస్తే తమరు అందులో ముప్పాతిక వంతు ఎంగిలి చేసి వదిలేస్తారు.

అసలు మీ పెళ్ళిచూపులే పెద్ద నాటకం లెండి. మీ తరఫున ఒకబ్బాయి టై కట్టుకుని వచ్చాడు, పెన్నులాంటి మీటరు మా గ్లాసులో ముంచి "మేడమ్, 310!" అన్నాడు, షుగర్ రిపోర్ట్ చదివినట్టు. మీ నీళ్ళలో ముంచితే 40. తర్వాత బ్యాగులోంచి ఇంకో పరికరం తీశాడు, దానికి ఇనప కడ్డీలు, రెండు గ్లాసుల్లో పెట్టి ప్లగ్గు పెట్టాడు. కాసేపటికి మా గ్లాసు తుప్పు రంగుకి తిరిగి పైన చెత్తలాంటి తెట్టు కట్టింది, మీ గ్లాసు మాత్రం పన్నీరులా అలాగే ఉంది. మా అత్తయ్యగారైతే గుండె పట్టుకున్నారు. ఆ తుప్పు మా నీళ్ళది కాదు బాబూ, కరెంటు పారితే ఆ ఇనప కడ్డీయే కరిగింది, మీ నీళ్ళలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారలేదు, అంతే కథ. మీ గ్లాసులో చిటికెడు ఉప్పేసి మళ్ళీ ప్లగ్గు పెట్టమనండి, మీ బండారమూ బయటపడుతుంది. పైగా ఆ పెన్ను మీటరు నీళ్ళలో మొత్తం ఎంత కరిగి ఉందో ఓ అంచనా చెప్తుందే తప్ప అందులో క్రిములున్నాయో లేదో, ఫ్లోరైడ్ ఉందో లేదో చెప్పలేదు. ఆ అంకెనే టీడీఎస్ అంటారు, లీటరు నీళ్ళలో కరిగినవి ఎన్ని మిల్లీగ్రాములో. దేశంలో నాణ్యతా ప్రమాణాలు పెట్టే బీఐఎస్ వాళ్ళు తాగేనీళ్ళకి టీడీఎస్ 500 దాకా పర్లేదన్నారు, మా 310కి ఏం రోగం?

ఇంకో తమాషా చెప్పనా. 310 నీళ్ళు లాక్కుని 40వి మాకిచ్చి మిగతావి మీరు బయటికి తోస్తే, తోసిన వాటి టీడీఎస్ ఎంత ఉంటుందో లెక్క కట్టా, అటూ ఇటుగా 400! అంటే మీరు పనికిరావని పారబోసే నీళ్ళు కూడా టీడీఎస్ వరకూ చూస్తే 500 లోపే. పోనీ ఉన్న ఖనిజాలు చాలావరకు తీసిపడేశారు, ఊరుకుంటారా, "మినరల్ కార్ట్‌రిడ్జ్" అని మళ్ళీ అవే కలపడానికి విడిగా డబ్బులు. మన జేబు కొట్టి మనకే చిల్లర అప్పిచ్చే రకం.

ఇది నేనొక్కదాన్నే అంటున్నది కాదు. 2019లో ఎన్జీటీ, అదే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్, చెప్పింది, టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్ఓ వద్దు, మిగతా చోట్ల కనీసం 60 శాతం నీళ్ళన్నా దక్కేలా మెషిన్లు ఉండాలి అని. మిమ్మల్ని తయారుచేసే మీ కంపెనీలవాళ్ళు సుప్రీంకోర్టు గడప తొక్కారు. అల్లుడి మీద ఈగ వాలనిస్తారా.

అన్యాయంగా మాట్లాడను, మీ విలువ మీకుంది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి ఎముకలు వంకర్లు పోయినవాళ్ళున్నారు, అలాంటి నీళ్ళున్నచోట ఆ ఫ్లోరైడ్ తీసే మీలాంటివాళ్ళు కావాలి, వెయ్యీ పదిహేనొందలూ టీడీఎస్ ఉన్న బోర్ల దగ్గరా కావాలి. అక్కడికెళ్ళండి, దండేసి మరీ పంపిస్తాం. నల్లా నీళ్ళ ఇంట్లో క్రిముల భయానికి మీ పెట్టెలోనే ఓ మూల కూర్చుని అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే యూవీ తమ్ముడు చాలు, ఆయన చుక్క పారబోయడు, లేదంటే కాచుకుని చల్లార్చుకుంటాం. మా అత్తయ్యగారిది కోనసీమ, వరదల్లో ఎర్రటి గోదావరి నీళ్ళు బిందెలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపితే మర్నాటికి తేటపడేవట. ఆవిడే మిమ్మల్ని ఇంటికి తెమ్మన్నారు, అది వేరే సంగతి.

ప్రస్తుతానికి మీ తెల్ల పైపుకి అడుగున్నర గొట్టం అతికించి సింకు కింద బకెట్‌లో పెట్టా. ఆ నీళ్ళతో ఇల్లు తుడవడం, అంట్లు మొదటిసారి తొలచడం, బాత్రూం కడగడం అయిపోతున్నాయి. తులసికి మాత్రం పొయ్యట్లేదు, బోరు నీళ్ళు కలిసిన రోజు ఉప్పు ఎక్కువయితే వేర్లు మాడతాయని భయం. బకెట్ నిండి పొంగిన రోజు మా అత్తయ్యగారి నోటి వెంట మీకు వచ్చే దీవెనలు ఇక్కడ రాయలేను.

మొన్న సర్వీసుకొచ్చిన కుర్రాణ్ణి అడిగా, "ఏం బాబూ, ఈ మెంబ్రేన్ పక్కన పెట్టి యూవీ ఒక్కటే నడిపించొచ్చా?" అని. అటూ ఇటూ చూసి, "చెయ్యొచ్చు మేడమ్, కానీ వారంటీ పోతుంది, మావాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. మరి మీ ఇంట్లో ఏ మోడల్ అంటే నవ్వేశాడు. "మాకివన్నీ ఎక్కడివి మేడమ్, నల్లా నీళ్ళే, మా అమ్మ కాచి ఇస్తది."

మీ ఏఎంసీ మార్చిలో అయిపోతుంది. రెన్యువల్ కోసం రోజుకి మూడుసార్లు ఫోన్ చేయించకండి, ఎత్తను.

ఇట్లు,
బకెట్ మోస్తున్న మీ ఇంటావిడ