వీసీఆర్‌ను భద్రంగా చంపడం ఎలా?

"ఇంకా వీసీఆర్ వాడేవాళ్లున్నారా?" అని, టీవీకి తగిలించి వీడియో క్యాసెట్లు తిప్పే ఆ డెక్కును చూసి ఈమధ్య కుర్రకారు వేళాకోళంగా అడుగుతున్నారు. అడగడంలోనే మర్యాద లోపించింది. తెలుగింట్లో ఇత్తడి గంగాళం ఉంటుంది, తాతగారి చేతికర్ర ఉంటుంది, నడవని గోడ గడియారం ఉంటుంది. గంగాళంలో నీళ్లు కాస్తున్నారా అని ఎవరైనా అడిగారా? వీసీఆర్‌కే ఎందుకీ పరీక్ష?

కొన్నిళ్లలో అది సెట్‌టాప్ బాక్సుకు పీటగా సేవ చేస్తోంది, నెత్తిన లేసు గుడ్డతో. మరికొన్నిళ్లలో అటక మీద, గల్ఫ్ నుంచి దిగిన అట్టపెట్టెలోనే, థర్మాకోల్ ముక్కలతో సహా కొలువై ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ఇళ్లలో ఆ పెట్టెకు వంశవృక్షంలో చోటుంది: దుబాయ్ పెదనాన్న తెచ్చినది, మస్కట్ బావ తెచ్చినది. వారంటీ కార్డు కూడా ఉంది. వారంటీ ముగిసి ముప్ఫయ్యేళ్లే అయింది.

2016 జూలైలో జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ ఆపేసింది. అప్పటికి లోకంలో వీటిని చేస్తున్న ఆఖరి కంపెనీ అదేనని పత్రికలు రాశాయి. అంతకుముందు ఏడాది 7,50,000 అమ్మి కూడా, విడిభాగాలు దొరక్క చేతులెత్తేశారట. ఆ వార్త చదివి జపాన్‌వాళ్లు ఏమనుకున్నారో గాని, మనవాళ్లు మాత్రం అటక వైపు గర్వంగా చూశారు. "చూశావా, ఇక కొందామన్నా దొరకదు. పాతసామాన్లవాడికి వేసేద్దామన్నావు!" చచ్చినవాడి కళ్లు చేరెడని ఊరికే అనలేదు పెద్దలు.

దాచడానికి కారణం ఒకటే, తిరుగులేనిది: పెళ్లి క్యాసెట్. క్యాసెట్ ఉంది కాబట్టి డెక్కు పారేయకూడదు. డెక్కు ఉంది కాబట్టి క్యాసెట్‌ను సీడీలోకి ఎక్కించాల్సిన తొందర లేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఒక తరం పెళ్లిళ్లన్నీ ఇరుక్కుని ఉన్నాయి. ఈ తర్కాన్ని ఖండించగల పండితుడు ఇంకా పుట్టలేదు.

కాకపోతే, దాచేవాళ్లందరూ చేస్తున్న పని ఒకటుంది. దాన్ని హత్య అంటే బాధపడతారు కాబట్టి భద్రపరచడం అందాం. సుత్తితో కొడితే వీసీఆర్ వెంటనే చావదు, రేకు గట్టిది. ప్రేమగా గుడ్డ కప్పి ఇరవయ్యేళ్లు ముట్టుకోకుండా ఉంటే మాత్రం తప్పకుండా పోతుంది. వాడే యంత్రంలో రబ్బరు తిరుగుతూ ఉంటుంది, గ్రీజు కదులుతూ ఉంటుంది. దాచిన యంత్రంలో అన్నీ ఎక్కడివక్కడే బిగుసుకుంటాయి.

మొదట పోయేది రబ్బరు. లోపల టేపును లాగేది క్యాప్‌స్టన్ అనే ఉక్కు కడ్డీ, దానికి ఒత్తుకుని తిరిగే నల్లటి పించ్ రోలర్. ఈ రెండూ కలిసి టేపును సెకనుకు 2.34 సెంటీమీటర్ల చొప్పున ముందుకు తోస్తాయి. వచ్చిన టేపును వచ్చినట్టే కుడివైపు చక్రం చుట్టుకోవాలి. ఆ చక్రాన్ని తిప్పేది ఐడ్లర్ అనే చిన్న చక్రం, దాని చుట్టూ రూపాయి బిళ్లకు తొడిగినట్టుండే రబ్బరు టైరు. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఆ టైరు అద్దంలా నున్నబడుతుంది, జారుతుంది. క్యాప్‌స్టన్ తోస్తూనే ఉంటుంది, చుట్టుకునేవాడు మాత్రం నిద్రపోతాడు. తోసిన టేపంతా లోపలే కుప్ప పడుతుంది. దీన్నే మనం "డెక్కు క్యాసెట్‌ను మింగేసింది" అంటాం. పాపం, అది మింగలేదు. మింగలేకపోయింది.

ఇక బెల్టు. కొన్ని యంత్రాల్లో సాగి వదులైపోతుంది, కొన్నింట్లో కరిగి తారులా పుల్లీకి అంటుకుంటుంది. అక్కడ పోస్టాఫీసు రబ్బరు బ్యాండు తొడిగి సరిపెట్టే మేధావులకు మన దగ్గర కొదవ లేదు. ఆ బ్యాండు మందం ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు, దాంతో లాగుడు ఎగుడుదిగుడవుతుంది, సన్నాయి వాయించేవాడికి జ్వరం వచ్చినట్టుంటుంది. గ్రీజు ఎండి బంకగా మారితే క్యాసెట్ లోపలికి వెళ్లినట్టే వెళ్లి, అత్తారింటి నుంచి అలిగి వచ్చిన అల్లుడిలా తిరిగొస్తుంది. పవర్ సప్లైలోని కెపాసిటర్లు ఎండితే అదీ ఉండదు, ప్లగ్గు పెట్టినా దీపం వెలగదు. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్ విలువ, వోల్టులు అంతే లేదా కాస్త ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. విడిభాగాల కోసం కోఠీ గుజరాతీ గల్లీలో అడగడం ఒక దారి. ఎర్రగడ్డ సండే మార్కెట్లో, జుమ్మేరాత్ బజార్లో మరో చచ్చిన డెక్కు కొని దాని అవయవాలు పీకడం రెండో దారి. అవయవదానం మీద మనకు ఇంత నమ్మకం మరెక్కడా కనిపించదు.

క్యాసెట్ల సంగతి వేరు. వాటిని బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య దాచారు. కలరా ఉండలు పురుగులకు. బూజు పట్టకుండా ఉండాలంటే కావలసింది తేమ లేకపోవడం, అది కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ డబ్బిచ్చినా దొరకదు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచుల మీద తెల్లటి పొడి కనిపిస్తే, దాన్ని డెక్కులో పెట్టకండి. ఆ బూజు, లోపల టేపును చదివే హెడ్‌కు అంటి, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ ప్రసాదంలా పంచబడుతుంది. ముందు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు ఆరబెట్టాలి. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, టేపును మెల్లగా చుడుతూ మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇదంతా చెబితే ఇంటావిడ అడిగే ప్రశ్న ఒకటే: "ఇంత శ్రమ పెళ్లికి కూడా పడలేదు కదండీ?"

సరే, అమెరికా నుంచి అబ్బాయి మూడు వారాల సెలవు మీద వచ్చాడు. వెళ్లేది రేపు రాత్రి. ఇవాళ సాయంత్రం అందరికీ హఠాత్తుగా పెళ్లి క్యాసెట్ గుర్తుకొచ్చింది. అటక మీంచి డెక్కు దిగింది. దుమ్ము దులిపారు, ప్లగ్గు పెట్టారు, పసుపు కుంకుమ పెట్టినట్టు పెళ్లి క్యాసెట్‌నే మొట్టమొదట లోపలికి తోశారు. శాస్త్రోక్తంగా చంపడమంటే ఇదే.

పిరికివాళ్లు చేసే పని వేరుగా ఉంటుంది. వాళ్లు ముందు పోయినా ఫర్వాలేని పాత సినిమా క్యాసెట్ పెడతారు, అది ముందుకు వెనక్కు సరిగా తిరిగిందాకా పెళ్లి జోలికి పోరు. అంతకంటే పిరికివాళ్లు మూత విప్పి చూస్తారు. లోపల మధ్యలో మెరిసేదే డ్రమ్ము, 62 మిల్లీమీటర్ల వ్యాసం, నిమిషానికి 1,500 చుట్లు. దాని అంచున వెంట్రుక మందం కంటే తక్కువగా బయటికి పొడుచుకొచ్చే హెడ్‌లు ఉంటాయి. వాటికి మురికి పడితే మాట వినిపిస్తుంది, బొమ్మ మాత్రం ఇసుక పోసినట్టు చుక్కలు చుక్కలవుతుంది, ఎందుకంటే మాట చదివే హెడ్ వేరే ఉంది. మృదువైన తోలు గాని, దళసరి తెల్లకాగితం గాని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి మెల్లగా తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందకీ రుద్దారా, హెడ్ విరుగుతుంది. దూది పుల్లలు రోలర్లకు మాత్రమే, హెడ్‌కు వాడితే పోగులు చిక్కుకుంటాయి. మన మెకానిక్కులు కొందరు కరకరలాడే కరెన్సీ నోటుతో తుడిచేవారు. రిజర్వు బ్యాంకుకు తెలియకుండా దేశంలో నోటు చేసిన అత్యంత నిజాయితీ గల పని అదే కావచ్చు.

మూత తీసి పరీక్షించేటప్పుడు ఇంకో తిరకాసు. టేపు మొదలూ చివరా పారదర్శకంగా ఉంటాయి. ఆ చోట వెలుగు దూరి పక్కనున్న సెన్సరుకు తగిలితే "టేపు అయిపోయింది" అని యంత్రం ఆగిపోతుంది. మూత లేనప్పుడు ఎండో బల్బు వెలుగో తగిలినా దానికి అదే భ్రమ. అప్పుడు డెక్కు పాడైందని తిట్టకుండా, పైన ఒక అట్ట నీడ పెడితే చాలు.

టేపు ఇరుక్కుంటే క్యాసెట్ పట్టుకుని లాగడం మన సంప్రదాయం. సంప్రదాయాన్ని కాదంటే, ప్లగ్గు తీసి, టేపును డ్రమ్ముకు చుట్టే లోడింగ్ మోటారు పుల్లీని వేలితో తిప్పి టేపును డ్రమ్ము నుంచి విడిపించాలి. క్యాసెట్ అడుగున మధ్యలో చిన్న కన్నం ఉంటుంది. అందులో పెన్ను మొన పెడితే చక్రాల తాళం వదులుతుంది, వదులైన టేపును చేత్తో చుట్టేయవచ్చు. నలిగిన భాగం మరీ పాడైతే అడుగున ఐదు మరలు విప్పి, ఆ ముక్క కోసి, వెనకవైపు, ఇలాంటి టేపులు అతకడానికే చేసిన అతుకు టేపు వేయాలి. మామూలు సెల్లో టేపు వేస్తే దాని జిగురు కారి హెడ్‌కు పట్టుకుంటుంది. లెక్క కూడా తెలిసి ఉండాలి: పది సెంటీమీటర్లు కోస్తే నాలుగు సెకన్ల పెళ్లి పోతుంది. అదృష్టం బాగుంటే పోయేది బఫే వరుస. బాగుండకపోతే మూడు ముళ్లలో ఒకటి.

డెక్కు బతికిందనుకుందాం. ఇప్పుడు దాన్ని కలపాల్సిన టీవీ గోడకు పటంలా వేలాడుతోంది. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులకు అందులో చోటు లేదు. ఉంటే గింటే ఒక చిన్న కన్నం, దానికో ప్రత్యేకమైన కేబుల్. అందులో తీగల వరుస కంపెనీకో రకం. పసుపులో బొమ్మ రాకపోతే ఎరుపులో పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడ దాక్కుని ఉంటుంది. ఏ కన్నమూ లేకపోతే ఏవీ, అంటే ఆ మూడు పిన్నుల, నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బీ కొనాలి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా చూడ్డానికి దాని కవల సోదరుడే. ఆదరాబాదరాగా తెప్పించినప్పుడు రెండోదే వస్తుంది, ఇది ప్రకృతి ధర్మం.

అన్నీ కుదిరినా టీవీ నీలంగా మారి "సిగ్నల్ లేదు" అంటుంది. టేపు నుంచి వచ్చే, బొమ్మను గీసే గీతలు సమయానికి రావు, కొంచెం ముందూ వెనకా ఊగుతుంటాయి. పాత డబ్బా టీవీ పెద్ద మనసున్న మనిషి, ఆలస్యంగా వచ్చినా రానిచ్చేది. కొత్త టీవీ ప్రభుత్వ కార్యాలయం: సమయం దాటితే కిటికీ మూసేస్తుంది. ఈ ఊగును సరిచేసేది టైమ్ బేస్ కరెక్టర్. అది అందుబాటులో లేకపోతే మధ్యలో పాత డీవీడీ రికార్డర్ పెట్టి దాని గుండా పంపితే కొన్నిసార్లు కుదురుకుంటుంది. అంటే అటక మీద రెండో పెట్టెకు కూడా ఇక మోక్షం లేదు.

క్యాసెట్‌నే అమెరికా తీసుకుపోతానంటాడు అబ్బాయి. అక్కడి డెక్కులు ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతివి, బొమ్మకు 525 గీతలు. మనది పాల్ పద్ధతి, 625 గీతలు. అక్కడ తిప్పితే పెళ్లి కనబడదు, దొర్లుతున్న గీతలు కనబడతాయి. ఒకప్పుడు డల్లాస్ పిన్ని పంపిన సీమంతం క్యాసెట్ ఇక్కడ అలాగే దొర్లింది, ఇప్పుడు బదులు తీరింది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడమే మిగిలింది. డెక్కు బొమ్మను కంప్యూటర్‌కు అందించే ఒక యూఎస్‌బీ ముక్క, 720 బై 576 చుక్కల బొమ్మ, సెకనుకు 25 ఫ్రేములు. డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో గంటకు 13 జీబీ పడుతుంది. మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందని అందరూ అడుగుతారు. మూడు గంటలు. ఈ సమాధానం విన్నవాళ్లు మోసపోయినట్టు చూస్తారు. మధ్యలో ఫ్రేములు జారిపోతే మంత్రం ముందు, పంతులుగారి పెదాలు తర్వాత కదులుతాయి. బొమ్మ అడుగున ఒక సన్నటి పట్టీ వణుకుతుంటుంది, అది కొత్త జబ్బు కాదు. హెడ్ మారే చోటు అది, పాత టీవీ తన చట్రం వెనక దాచి పరువు కాపాడేది.

ఇక క్యాసెట్ వీపున ఎడమ మూల చూడండి. అక్కడ చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. విరిచేస్తే మళ్లీ రికార్డు కాదు. పెళ్లి వీడియో తీసినాయన దాన్ని విరిచే ఇచ్చాడు. ఆ కన్నం మీద సెల్లో టేపు అంటించి ఉందంటే, ఇంట్లో ఎవరో ఎప్పుడో ఖాళీ క్యాసెట్ కోసం వెతికారని అర్థం. తారీఖు కూడా ఊహించవచ్చు: 1998 ఏప్రిల్ 22, షార్జా, ఆస్ట్రేలియా మీద టెండూల్కర్ 143. గణపతి పూజ ఉంది, గౌరీపూజ ఉంది, జీలకర్ర బెల్లం దాకా వచ్చింది. అక్కడ ఒక్క కుదుపు. తెరంతా పసుపుపచ్చగా ఏదో రాలుతోంది. అత్తగారు తలంబ్రాలంటున్నారు, మెకానిక్ హెడ్ మురికి అంటున్నాడు. బావమరిది మాత్రం ఏమీ మాట్లాడడం లేదు. ఆ రాత్రి మ్యాచ్ మధ్యలో ఇసుక తుఫాను వచ్చిందని అతనికొక్కడికే తెలుసు.